401కేలో బెనిఫిషియరీ: పెళ్లి కానివాళ్లు ఎవరి పేరు రాయాలి?

కొత్త సభ్యుడు, డాలస్:
అందరికీ నమస్కారం. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద అమెరికా వచ్చి మూడు వారాలైంది. 27 ఏళ్లు, పెళ్లి కాలేదు. ఆఫీసులో ఇచ్చిన 401కే (రిటైర్మెంట్ పొదుపు), లైఫ్ ఇన్సూరెన్స్ ఫారాల్లో బెనిఫిషియరీ గడి ఉంది, అంటే నాకేమైనా అయితే డబ్బు ఎవరికి వెళ్లాలో రాసేది. ప్రస్తుతానికి వదిలేయొచ్చా?

ప్లేనో నుంచి:
వదిలేయకు తమ్ముడూ, ఈ రాత్రే నింపు. మా తమ్ముడూ "తర్వాత చూద్దాంలే అక్కా" అన్నాడు. 2018లో కారు ప్రమాదంలో పోయాడు, వాడికి 29. గడి ఖాళీ. ఆ ప్లాన్ నిబంధన ప్రకారం డబ్బు వాడి ఎస్టేట్‌లో, అంటే వాడు వదిలి వెళ్లిన ఆస్తిలో పడింది, ఇక కోర్టుకు వెళ్లాల్సిందే. వీలునామా లేదు కాబట్టి టెక్సస్ చట్టప్రకారం వారసులు అమ్మానాన్నలే, అందులో పేచీ లేదు. అయినా పద్నాలుగు నెలలు పట్టింది. కారణం పేర్లు. నాన్న పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే. తమ్ముడి టెన్త్ మెమోలో తండ్రి పేరు చివర "రావు" లేదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం నాన్న ఐదుసార్లు ఆఫీసుకు తిరిగారు. ఐదోసారీ "చనిపోయినాయన మీకేమవుతారు?" అని అడిగితే జవాబు చెప్పలేక బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ఆ గడిలో రెండు పేర్లుంటే ఇందులో చాలా భాగం తప్పేది.

ఫ్రిస్కో నుంచి:
అక్క మాట నిజం. ఇంకోటి, హెచ్1బీ వాళ్లకి ఇక్కడి ఆస్తి 60 వేల డాలర్లు దాటితే, చనిపోయాక ఆ ఆస్తి మీద ఎస్టేట్ టాక్స్ పడుతుంది, 40 శాతం దాకా. ఇండియాలో ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు, అందుకే మనవాళ్లకి ఈ ఆలోచనే రాదు.

ఆస్టిన్ నుంచి:
ఫ్రిస్కో గారూ, ఆ 60 వేల పరిమితి ఇక్కడ డొమిసైల్, అంటే శాశ్వత నివాసం లేనివాళ్లకి. వీసా పేరొక్కటే చూసి తేల్చరు. ఇక్కడే ఉండిపోయే ఉద్దేశం ఉందా, ఇల్లు, కుటుంబం ఎక్కడున్నాయి, ఇవన్నీ చూస్తారు. కొత్తవాళ్లని టెన్షన్ పెట్టకండి.

ఫ్రిస్కో నుంచి:
మూడు వారాల క్రితం వచ్చిన అబ్బాయికి డొమిసైల్ ఉందని ఎలా నిరూపిస్తారు సార్? భయపెట్టడానికి కాదు, ముందే తెలియాలని చెప్పాను.

ఆస్టిన్ నుంచి:
సరే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ డొమిసైల్ లేనివాళ్ల లైఫ్ ఇన్సూరెన్స్ డబ్బు ఆ లెక్కలోకి రాదు, అదీ చెప్పండి. బాబూ, రేపు పెళ్లయ్యాక రెండు ఫారాలూ మళ్లీ తెరువు. 401కే మామూలుగా భార్యకే వెళ్తుంది, ఆమె రాతపూర్వకంగా వదులుకుంటే తప్ప. ఇన్సూరెన్స్ అలా కాదు, ఫారంలో ఎవరి పేరుంటే వాళ్లకే. ఇండియాలో ఫ్లాటో డిపాజిట్టో ఉంటే అక్కడా వీలునామా రాయి. నామినీ అంటే యజమాని కాదు, వారసుల తరఫున డబ్బు అందుకునేవాళ్లే. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం కింద తల్లికి, భార్యకి, పిల్లలకి సమాన వాటాలు. వాళ్లలో ఒక్కరున్నా తండ్రికి ఏమీ రాదు.

హ్యూస్టన్ నుంచి:
డబ్బు సంగతే మాట్లాడుతున్నారందరూ. మా అమ్మాయికి 18 నిండిన నెలకే హాస్టల్లో జ్వరం. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, తన అనుమతి లేకుండా ఏమీ చెప్పలేమన్నారు. తర్వాత మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున వైద్య నిర్ణయాలు మేం తీసుకునే పత్రం) రాయించాం. చిన్నపిల్లలున్నవాళ్లు వీలునామాలో గార్డియన్ పేరు తప్పక రాయండి. మీ ఇద్దరికీ ఏదైనా అయితే, అమ్మమ్మకి వీసా వచ్చేదాకా పిల్లలు ఎవరింట్లో ఉండాలి?

కొత్త సభ్యుడు, డాలస్:
నింపేశాను. అమ్మకి 50, నాన్నకి 50, పాస్‌పోర్టులో ఉన్నట్టే రాశాను. నాన్న ఆధార్‌లో కూడా పొడి అక్షరమే ఉంది, మార్పించమని చెప్పాను.

ప్లేనో నుంచి:
మంచి పని చేశావు. పుట్టినతేదీ కూడా సరిచూడమను. మా నాన్నకి బడిలో వేయించిన తేదీ వేరు, అసలు తేదీ వేరు.