వరంగల్–హైదరాబాద్ హైవే మీద కొత్తోడు 60ల పోవాల్నా, 80 కొట్టాల్నా?

మడికొండ_పోరడు:
అన్నలు, అక్కలు, బండి నేర్చుకొని శాన దినాలేం కాలే, నాది స్ప్లెండర్. హన్మకొండల తిరుగుడు పరేషాన్ లేదు. ఇప్పుడు నౌకరి కోసం ప్రతి వారం ఉప్పల్ దాకా పోయి రావాలె. 70 దాటంగనే గాలి ఛాతిని ఎన్కకు నూకుతాంది, లారీని దాటేటప్పుడు బండి ఓసారి అటు ఓసారి ఇటు పోతది, నా చేతులేమో బిగుసుకపోతయి. మా బావ "50, 60ల ఎడమ అంచు పట్టుకొని పో, ఎవ్వలేమనరు" అంటడు. రూమ్మేట్ "మెల్లగ పోతెనే ఎన్కనుంచి గుద్దుతరు, బండ్లతోపాటు 80ల పో, గాలి అదే అలవాటైతది" అంటడు. ఎవలి మాట ఇనాలె?

లెక్కల_సారు:
బావ మాటే ఇను. గాలి దెబ్బ స్పీడుతోని సమానంగ పెరగది, స్పీడు వర్గంతోని పెరుగుతది. 60 నుంచి 80కి పోతె స్పీడు మూడోవంతే పెరిగింది గని గాలి బలం ఇంచుమించు 1.8 రెట్లు అయితది. 40తోని పోలిస్తె 80 కాడ నాలుగు రెట్లు. హన్మకొండ చౌరస్తాల నీకు గాలే తెల్వకపోవుడు, రఘునాథపల్లి కాడ ఛాతిల గుద్దినట్టు అనిపించుడు అందుకే. ఇంకోటి, 2018ల కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్డు మీద టూవీలర్‌కు గరిష్టమే 80. మీ రూమ్మేట్ దాన్ని కనిష్టం అనుకుంటున్నడు.

డీసీఎం_నడుపుత:
సారు లెక్క కరెక్టే, నేను రోజు ఆ రోడ్డు మీదనే ఉంట కాబట్టి చెప్తున్న. 50ల పోయే బండితోని మాకు తిప్పలు లేదు, ముందల కనవడ్తది, దాటుకొని పోతం. తిప్పలంత ఎవలతోనంటె, 80ల వచ్చి, లారీ పక్కకు రాంగనే గాలికి భయపడి సగంల యాక్సిలేటర్ ఇడ్సిపెట్టి అక్కడనే ఊగేటోళ్లతోని. ఆడ మా అద్దంల నువ్వు కనవడవు. దాటితె దాటాలె, లేకుంటె ఎన్కనే ఉండాలె, నడుమ ఆగుడు లేదు.

ఎర్రహెల్మెట్_అక్క:
తమ్మీ, స్పీడు సంగతి తర్వాత, ముందు నీ చేతులు చూడు. బండిని ఊపుతున్నది సగం గాలి, సగం నువ్వే. గాలి ఛాతిని ఎన్కకు నూకంగనే మనం పడిపోకుండ హ్యాండిల్ పట్టుకొని ఏలాడుతం, చేతులు కర్రల్లెక్క అయితయి, అప్పుడు పెయ్యికి తగిలిన ప్రతి గాలి దెబ్బ చేతులల్లకెల్లి సీద హ్యాండిల్‌కు పోతది. మోకాళ్లతోని ట్యాంకును గట్టిగ అదుము, నడుము కొంచెం ముందుకు వంచు, మోచేతులు మలిచి ఉంచు, గ్రిప్పులను కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకో. బండి జర ఊగుతది, ఊగనియ్యి, చక్రాలు తిరుగుతున్నంతసేపు అది మల్ల నిటారు అయితది.

సైడు గాలి ఎడమ దిక్కునుంచి కొడితె బండి కుడికి జరుగుతది కదా, అప్పుడు ఎడమ గ్రిప్‌ను మెల్లగ ముందుకు నూకు, బండి ఎడమకు వాలుతది, లైన్ల ఉంటది. ఉల్టా అనిపిస్తది గని స్పీడుల బండి తిరిగేదే అట్ల, ఖాళీ రోడ్డు మీద 40ల చేసి చూడు. ఇగ లారీ ముచ్చట. పక్కపొంటి పోతాంటె గాలి అడ్డం ఆగుతది, బండి లారీ దిక్కు గుంజినట్టయితది, క్యాబిన్ దాటి ముందుకు రాంగనే గాలి ఒక్కసారి బయటికి నూకుతది. ఇది ముందే తెలిస్తె భయం సగం తగ్గుతది, లారీకి, నీకు నడుమ జాగ ఎక్కువ ఇచ్చి దాటు. షర్టు గుండీలు, బ్యాగు పట్టీలు టైట్‌గ ఉండాలె, హెల్మెట్ బెల్ట్ సుత. సగం హెల్మెటైతె గాలికి లేస్తది, మెడ పోతది.

రూమ్మేట్_పార్టీ:
ఇవన్ని వట్టి మాటలు అక్కా. ఎడమ అంచు సేఫ్ అని ఎవలన్నరు? వరి కోతలప్పుడు ఆడ వడ్లు ఆరబోస్తరు, కుప్ప కదలకుండ చుట్టు రాళ్లు పెడ్తరు, రాత్రి కనవడయి. రాంగ్ రూట్ల ట్రాక్టర్ వస్తది, లైట్ ఉండది. అంచుకు పోయినోడే పడ్డడు మా ఊళ్లె.

ఎర్రహెల్మెట్_అక్క:
అది ఒప్పుకుంట. నేను అంచు అననే లేదు. ఎడమ లైనుకు సరిగ్గ మధ్యల పో, తెల్లగీత మీద కాదు. గాలికి అర మీటరు జరిగినా రెండు దిక్కుల జాగ ఉంటది. మీ బావ "అంచు" అన్నడు చూడు, ఆ ఒక్క మాట తప్పు.

మడికొండ_పోరడు:
స్ప్లెండర్ అమ్మి బుల్లెట్ తీసుకుంటె గాలికి ఆగుతదా?

డీసీఎం_నడుపుత:
స్ప్లెండర్ 112 కిలోల దాకా, బుల్లెట్ కంపెనోళ్లదే క్లాసిక్ 350 ఏమో 195. బరువుకు కొంచెం తక్కువ ఊగుతది, నిజమే. గాలి తాకేది నీ ఛాతికి కదా, అది ఏ బండి మీదైన అదే ఛాతి. పైసలు ఎక్కువైతె మంచి ఫుల్ హెల్మెట్ కొను, టైర్లు చూపించుకో, బుల్లెట్ కొత్తోనికి గల్లీల తిప్పుడే కష్టం.

లెక్కల_సారు:
లేకుంటె కాజీపేటల ట్రైన్ ఎక్కి చర్లపల్లిల దిగు, ఉప్పల్ దగ్గరనే 😀

రూమ్మేట్_పార్టీ:
ట్రైన్ల నిలవడి పోవుడు సారుకు తెల్వదు. నేను మల్ల చెప్తున్న, అందరు 80, 90ల పోతాంటె ఒక్కడు 55ల పోతె ఎన్కచ్చేటోనికి అంచనా తప్పుతది.

ఎర్రహెల్మెట్_అక్క:
దాంట్ల కొంత నిజం ఉంది, అందుకే 40 వద్దు. కానీ 80ల సెకనుకు 22 మీటర్లు పోతవు, 60లైతె 17 కూడ కాదు. కుక్క అడ్డమొస్తె, ఇంకా గాలితోనే కొట్లాడుతున్న కొత్తోనికి ఆ తేడానే కావాలె. 60, 65ల పో, ఎన్క లైటు పనిచేస్తాందా చూసుకో, అద్దాలు చూస్త ఉండు. చేతులు వదులుగ ఉన్నయా లేవా అని అప్పుడప్పుడు వేళ్లు ఆడించి చూడు, బిగిసినయంటె స్పీడు నీకు ఎక్కువైందన్నట్టు, ఎవడు 80 అన్నా తగ్గించు. ములుగు రోడ్డుకు మాత్రం ఇప్పుడే పోకు, డివైడర్ లేని కాడ ఎదురుంగ ఇసుక లారీ వస్తె రెండు స్పీడులు కలిసి కొడ్తయి.

మడికొండ_పోరడు:
సరే అక్కా, ఆదివారం తెల్లారంగనే జనగామ దాకా పోయి చూస్త, అప్పుడు గాలి తక్కువుంటది కదా. వచ్చేటప్పుడు పొద్దుగూకితె?

డీసీఎం_నడుపుత:
ఎండకాలం పొద్దుగూకేటప్పుడే గాలిదుమారం లేస్తది. దూరంల ఎర్రగ దుమ్ము కనవడ్డదంటె రోడ్డు దిగి, ఏదన్న హోటల్ కాడ ఆగు, చెట్టు కింద, హోర్డింగ్ కింద మాత్రం వద్దు. చాయ్ అయ్యేలోపు తగ్గుతది.

రూమ్మేట్_పార్టీ:
చాయ్ వరకు నేను సుత ఒప్పుకుంట. 65 మాత్రం ఒప్పుకోను.