యాంప్‌కి ఆర్‌సీఏనా, స్పీకర్ వైర్లా? ఫిల్టర్ రెండు చోట్లా పెట్టడం తప్పా?

అరటిగెల (రావులపాలెం):
అందరికీ నమస్కారమండి. పాత కారులో ఈ మధ్యే ఆండ్రాయిడ్ స్టీరియో, నాలుగు ఛానళ్ల యాంప్ (సిగ్నల్ పెంచి స్పీకర్లకిచ్చే డబ్బా), డిక్కీలో అడుగు బేస్ కోసం 12 అంగుళాల సబ్ ఊఫర్ పెట్టించాను. యాంప్ ఛానల్‌కి 75 వాట్లు, రెండు ఛానళ్లు ఒకటిగా కలిపితే (బ్రిడ్జ్) 200 ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగల పవర్. ముందు రెండు ఛానళ్లు డోర్ స్పీకర్లకి, వెనక రెండూ కలిపి సబ్‌కి. మూడు వారాలైంది, డబ్బులు పోయాయి గానీ సరదా తీరలేదు. అడుగున గుమ్మ్‌మని ఒక మూలుగు ఉంటుంది, పైన గొంతు బాగానే వినపడుతుంది, మధ్యలో డప్పు దెబ్బ పడాల్సిన చోట ఏమీ లేదు. దానికి తోడు యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో కుయ్యిమని సన్నటి ఈల.

షాపాయన స్టీరియోని యాంప్‌కి ఆర్‌సీఏ కేబుళ్లతో, అంటే ఇంకా పెంచని సన్నటి సిగ్నల్ తెచ్చే వైర్లతో కలిపాడు. "ఫిల్టర్ స్టీరియోలో ఒకటి, యాంప్‌లో ఒకటి పెట్టానండి, డబల్ సేఫ్టీ" అన్నాడు (ఫిల్టర్ అంటే అడుగు బేస్‌ని సబ్‌కి, మిగతాది డోర్లకి పంచేది). గెయిన్ (వచ్చిన సిగ్నల్‌ని యాంప్ ఎంత పెంచాలో చెప్పే గుబ్బ) ఎంత అంటే చివరిదాకా తిప్పి వదిలేశాడు. మా బావ పెళ్లిళ్లకి డీజే బాక్సులు తిప్పుతాడు, ఆయనేమో ఆర్‌సీఏ పీకేసి స్టీరియో వెనక స్పీకర్ వైర్లనే యాంప్ హై లెవెల్ ఇన్‌పుట్‌కి ఇమ్మంటున్నాడు, సిగ్నల్ బలంగా వస్తుందట. షాపాయన అలా చేస్తే క్వాలిటీ పోతుందంటాడు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి తమ్ముళ్లు దిగేలోపు తేల్చుకోవాలి.

చెరువుగట్టు (భీమవరం):
షాపాయనదే రైటు. స్పీకర్ వైర్లో వచ్చేది ఆ స్టీరియో లోపలున్న చిన్న యాంప్ ఒకసారి పెంచేసిన సిగ్నల్. దాన్ని మళ్లీ తగ్గించి మళ్లీ పెంచడం దేనికి? చాలా యాంపుల్లో హై లెవెల్ ఇన్‌పుట్ అంటే రెండు రెసిస్టర్లు పెట్టి వోల్టేజీ కిందికి దించడమే. కంపెనీ స్టీరియో ఉండి వెనక ఆర్‌సీఏ లేకపోతే వేరే గతి లేదు గానీ, ఉన్నది వదిలేసి స్పీకర్ వైర్లు కోసుకోవడం నాకైతే నచ్చదు.

పుంజు (అమలాపురం):
క్వాలిటీ అంటే మన రోడ్ల మీద ఎవడికి వినపడుద్దండీ. గట్టు రోడ్డు మీద టైరు చప్పుడే సగం పాట మింగేస్తుంది. చవక ఆండ్రాయిడ్ స్టీరియోల్లో ఆర్‌సీఏ సిగ్నల్ నీరసంగా ఉంటుంది, డబ్బా మీద ఏం రాసినా సరే. అది నీరసంగా ఉంటే గెయిన్ ఎక్కువ తిప్పాలి, గెయిన్ తిప్పితే ఆ ఈల కూడా పెరుగుతుంది. బావగారు చెప్పింది చేసేయండి.

లాకుల మావయ్య (ధవళేశ్వరం):
తీర్పులు తర్వాత ఇద్దురు గానీ, ముందు నంబర్లు చెప్పు బాబూ. స్టీరియోలో హై పాస్ (ఆ నంబర్‌కి పైవాటినే వదిలేది) ఎంత, లో పాస్ (కిందివాటినే వదిలేది) ఎంత, యాంప్ మీద గుబ్బలు ఎక్కడెక్కడ ఉన్నాయి? రోగం అడక్కుండా మందు రాస్తున్నారు అందరూ.

అరటిగెల:
ఇప్పుడే డిక్కీ తెరిచి చూశానండి. స్టీరియోలో డోర్లకి హై పాస్ 120, సబ్‌కి లో పాస్ 60. యాంప్‌లో ముందు వైపు స్విచ్ హెచ్‌పీఎఫ్ (హై పాస్) మీద ఉంది, గుబ్బ 100 దగ్గర. వెనక ఎల్‌పీఎఫ్ (లో పాస్), గుబ్బ మొదట్లోనే, అక్కడ 50 అని ఉంది. బేస్ బూస్ట్ చివరిదాకా, అక్కడ 12 డీబీ (డెసిబెల్స్) అని ఉంది.

లాకుల మావయ్య:
ఇంకేం, దొరికింది. నీ సబ్ 50 హెర్ట్జ్ దాటగానే ఆగిపోతోంది. డోర్ స్పీకర్లు 120 దాటితే గానీ నోరు విప్పట్లేదు. ఆ మధ్యలోదంతా ఎవరూ వాయించట్లేదు. డప్పు, డోలు, కిక్ డ్రమ్, వీటి దెబ్బలో బరువు ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఆర్‌సీఏ పెట్టినా స్పీకర్ వైర్ పెట్టినా ఆ గొయ్యి పూడదు. మా ఊరి దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠగా చీలుతుంది, చీలాక రెండు పాయల్లోనూ కలిపి వచ్చిన నీరంతా ఉండాలి కదా, నీకు మధ్యలో సగం ఇంకిపోతోంది.

స్టీరియోలో రెండూ ఆపేయి. యాంప్‌లో డోర్లకి 80, సబ్‌కి 80. డోర్ స్పీకర్లు ఆరున్నర అంగుళాలవైతే 80 తట్టుకుంటాయి, నాలుగంగుళాలవైతే 100, 120 దాకా వెళ్లాలి, అప్పుడు సబ్ కూడా పైకి రావాలి. బేస్ బూస్ట్ సున్నా. అది 12 డీబీ ఉంది చూశావా, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర 16 రెట్లు పవర్ అడుగుతుంది, నీ యాంప్‌లో ఎక్కడుందది? సబ్ బాక్సుకి రంధ్రం ఉందా, మూసిన బాక్సా? రంధ్రం ఉంటే సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ అడుగు శబ్దాన్ని ఆపేది) 25, 30 మధ్య పెట్టుకో, ఆ రంధ్రాన్ని ఏ ఫ్రీక్వెన్సీకి కుదిర్చారో దానికన్నా కిందికి వెళ్తే కోన్‌ని (స్పీకర్‌లో ఊగే భాగాన్ని) పట్టి ఆపేది ఏమీ ఉండదు, ఊగి ఊగి దాని వెనకున్న తీగచుట్ట, కాయిల్, కొట్టుకుంటుంది. మూసిన బాక్సుకి దాంతో అంత పనిలేదు.

పుంజు:
అంటే రెండు చోట్లా ఫిల్టర్ పెట్టడం తప్పనేగా మావయ్యా చెప్పేది? అదే నేనూ చాలా ఏళ్లుగా మొత్తుకుంటున్నా.

కెపాసిటర్ (కాకినాడ):
కాదండి, ఇక్కడ అందరూ పొరబడతారు. తప్పు రెండు చోట్ల పెట్టడం కాదు, వేర్వేరు నంబర్లు పెట్టడం. స్టీరియోలో 80 దగ్గర ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ రెట్టింపో సగమో అయిన ప్రతిసారీ) 12 డీబీ తగ్గించే ఫిల్టర్, యాంప్‌లో మళ్లీ 80 దగ్గర 12 డీబీ ఫిల్టర్ ఉన్నాయనుకోండి, రెండూ ఒకదాని వెనక ఒకటి కలిసి 24 డీబీ ఫిల్టర్ అవుతుంది. 80 దగ్గర ఒక్కోటి 3 డీబీ తగ్గిస్తుంది కాబట్టి మొత్తం 6. రెండూ బటర్‌వర్త్ రకమైతే ఇలా కలిపిన దాన్నే లింక్‌విట్జ్ రైలీ అంటారు, స్పీకర్లు డిజైన్ చేసేవాళ్లు కావాలని వాడతారు. సబ్ వైపూ డోర్ వైపూ అలాగే ఉంటే 80 దగ్గర రెండూ ఒకే ఫేజ్‌లో, అంటే అలలు ఒకేసారి లేచి పడుతూ, కలుస్తాయి. ఒక్క 12 డీబీ బటర్‌వర్త్ మాత్రమే పెడితే ఆ చోట సబ్, డోరు ఒకదానికొకటి ఎదురు కొట్టి శబ్దం చచ్చిపోతుంది, అందుకే సబ్ ప్లస్ మైనస్ తిప్పి చూడమంటారు. షాపాయన డబల్ సేఫ్టీ మాటలో తెలియకుండానే కొంత నిజం ఉంది, నంబర్లే చెడగొట్టాడు.

లాకుల మావయ్య:
పుస్తకంలో అంతే అమ్మా, కారులో కాదు. సబ్ డిక్కీలో ఉంది, డోర్ స్పీకర్ కాలి దగ్గర. 80 హెర్ట్జ్ అల పొడవు 4 మీటర్ల పైనే. దూరంలో ఒక్క మీటరు తేడా వచ్చినా పావు అల జరిగిపోతుంది, నీ లెక్క ఫేజ్ అక్కడే పోయింది. పైగా యాంప్ మీద గుబ్బ 80 చూపిస్తే 80 ఉంటుందని నమ్మకం ఏముంది? ఒకసారి కొలిస్తే 80 అన్న చోట దగ్గర దగ్గర 100 ఉంది.

కెపాసిటర్:
ఆ మాట నిజమే, ఒప్పుకుంటున్నా. అందుకే చెవితో తేల్చాలి. 80 హెర్ట్జ్ టోన్ (ఒకే ఫ్రీక్వెన్సీలో మోగే పరీక్ష శబ్దం) పెట్టి, డ్రైవర్ సీట్లో కూర్చుని, వేరొకర్ని సబ్ వైర్లు తిరగేయమనండి. ఎటు పెడితే గట్టిగా వినపడితే అటు ఉంచేయండి. వైర్లు మార్చేటప్పుడు యాంప్ ఆపాలండోయ్.

చెరువుగట్టు:
నేను ఫిల్టర్ స్టీరియోలోనే పెట్టమంటాను. సీట్లో కూర్చుని మార్చుకోవచ్చు, నంబర్ కచ్చితంగా ఉంటుంది, యాంప్‌లో స్విచ్ ఫుల్ (ఫిల్టర్ లేకుండా) మీద పెట్టేస్తే గొడవ ఉండదు.

లాకుల మావయ్య:
బ్యాటరీ వైరు ఊడినప్పుడో, పిల్లాడు సెట్టింగులు రీసెట్ నొక్కినప్పుడో ఆ నంబర్లన్నీ పోతాయి. డోర్ స్పీకర్లకి అడుగు బేస్ మొత్తం ఒక్కసారిగా పడుతుంది. యాంప్ మీద గుబ్బ అయితే ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. నా కారులో ఇలాగే ఒక జత డోర్ స్పీకర్లు పోయాయి, అందుకే ఈ మొండితనం.

పుంజు:
సరే, గెయిన్ సంగతేంటి? నేనెప్పుడూ చెవితోనే పెడతా. స్టీరియో ముప్పావు దాకా పెంచి, గెయిన్ మెల్లగా తిప్పుతూ, సౌండ్ పగులుతోంది అనిపించగానే కొంచెం వెనక్కి. అయిపోయింది. ఈ మల్టీమీటర్ పిచ్చి ఇంటర్నెట్‌లో పుట్టింది.

కెపాసిటర్:
డోర్ స్పీకర్లకి ఆ పద్ధతి పనిచేస్తుంది పుంజుగారూ, సబ్‌కి చేయదు. సబ్‌లో పగుళ్లు తొందరగా చెవికి అందవు, మీకు వినపడేసరికే చాలా దూరం వెళ్లిపోయి ఉంటారు. సిగ్నల్ అల పైనా కిందా పూర్తిగా తెగి చదరంగా మారితే అదే యాంప్ రెట్టింపు పవర్ తోయగలదు. అదంతా కాయిల్లో వేడి అవుతుంది.

మీటర్‌తో అయితే వాట్లని ఓంలతో గుణించి వర్గమూలం తీయడమే. 75 వాట్లు, 4 ఓంలు అంటే 17.3 వోల్టులు. సబ్ 200 వాట్లు, 4 ఓంలు అంటే 28.3. స్పీకర్ వైర్లు విప్పి, బూస్ట్‌లూ ఫిల్టర్లూ ఆపి, టోన్ పెట్టి ఏసీ వోల్టులు చూస్తూ గెయిన్ తిప్పాలి. అయితే చవక మీటర్లు 400 హెర్ట్జ్ దాటితే ఏసీ సరిగ్గా చూపవు. అందరూ డోర్లకి 1000 హెర్ట్జ్ టోన్ పెట్టమంటారు గానీ మీ చేతిలో ఉన్నది చవక మీటరైతే 200 పెట్టండి. సబ్‌కి 50.

పుంజు:
స్టీరియోనే ముందు పగిలిపోతుంటే మీటర్ ఏం చెబుతుంది?

కెపాసిటర్:
ఏమీ చెప్పదు. అది మంచి ప్రశ్న. మీటర్‌కి వోల్టులే కనపడతాయి, అల ఆకారం కనపడదు. దానికి ఆసిలోస్కోప్ కావాలి. లేకపోతే స్టీరియో వాల్యూమ్‌ని 75, 80 శాతం దాటనివ్వకుండా కొలవాలి, తర్వాత కూడా దాటకూడదు.

చెరువుగట్టు:
చూశారా, హై లెవెల్ ఇన్‌పుట్‌తో చిక్కు కూడా ఇక్కడే. ఆర్‌సీఏలో సిగ్నల్ ఇంకా శుభ్రంగా ఉండగానే స్టీరియో లోపలి యాంప్ పగలడం మొదలెడుతుంది. డబ్బా మీద 50 వాట్లు ఇంటూ 4 అంటాడు గానీ నిజంగా శుభ్రంగా ఇచ్చేది ఏ పదహారో, పద్దెనిమిదో.

లాకుల మావయ్య:
పదహారు వాట్లే అనుకో, 4 ఓంలకి అది 8 వోల్టులు. వీడి ఆర్‌సీఏలో 1 వోల్టు వస్తుందనుకుందాం. దారిలో పట్టుకునే రొద రెండిట్లోనూ ఒకటే. 8 రెట్లు బలమైన సిగ్నల్ ముందు ఆ రొద చిన్నబోదా? నేను బావగారి పక్షమే, వాల్యూమ్ అదుపులో పెట్టుకుంటే. ఒక్క జాగ్రత్త, ఈ స్టీరియోల స్పీకర్ మైనస్ వైరు బాడీ ఎర్త్ కాదు, దాంట్లో కూడా సిగ్నల్ ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి బాడీకి కలిపితే స్టీరియో కాలిపోవచ్చు. ఆర్‌సీఏ, స్పీకర్ వైర్లు రెండూ ఒకేసారి మాత్రం పెట్టకు.

ఇంతకీ నీ ఈల సంగతి. యాంప్ ఎర్త్ ఎక్కడ బిగించాడు? కరెంటు వైరు, ఆర్‌సీఏ ఒకే వైపు నుంచి తెచ్చాడా?

అరటిగెల:
నిన్న ఆదివారం మొత్తం దీనికే సరిపోయింది. ఎర్త్ వెనక సీటు బోల్టుకి బిగించాడు, విప్పి చూస్తే బోల్టు కింద పెయింటు, పెయింటు కింద తుప్పు. కార్పెట్ కింద ఇంకా చెమ్మ ఉంది, వానల్లో డోరు రబ్బర్లోంచి కారిందనుకుంటా. డిక్కీ నేల మీద పెయింటు గీకి మెరిసే రేకుకి కొత్త ఎర్త్ వేశాను, మూరెడు వైరే పట్టింది. ఈల పూర్తిగా పోలేదు గానీ పాట మొదలైతే వినపడదు. ఆర్‌సీఏ, కరెంటు వైరు మాత్రం పక్కపక్కనే వచ్చాయి, డ్రైవర్ వైపు నుంచి.

ఫిల్టర్లు మావయ్యగారు చెప్పినట్టు యాంప్‌లో 80, 80. బాక్సుకి రంధ్రం ఉంది, సబ్‌సోనిక్ 28 దగ్గర పెట్టాను. మీటర్ బావ దగ్గరే దొరికింది. సబ్ గెయిన్ 28 వోల్టుల దగ్గర ఆగింది, షాపాయన పెట్టిన దాంట్లో సగం కూడా తిరగలేదు. మొదట డప్పు వచ్చింది గానీ మెత్తగా ఉంది. సబ్ వైర్లు తిరగేసి చూశాం, వీపు మీద కొట్టినట్టు పడింది. మా అమ్మ ఇంట్లోంచి బయటికొచ్చి ఎవరింట్లో పెళ్లని అడిగింది.

బావ మాత్రం ఇప్పటికీ స్పీకర్ వైర్లు ఇస్తే ఇంకా బాగుంటుందనే అంటున్నాడు.

చెరువుగట్టు:
ముందు ఆర్‌సీఏని అవతలి వైపు నుంచి తెచ్చి చూడండి. ఈల పోతే బావగారి నోరు మూతపడుతుంది.

పుంజు:
బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉందా అసలు? దాని గురించి ఎవరూ అడగలేదు.

అరటిగెల:
బానెట్ తెరిచి చూశానండి. లేదు. అసలు లేదు. వైరు తిన్నగా బ్యాటరీకే ఉంది.

లాకుల మావయ్య:
ఇప్పుడే ఆ వైరు పీకేయి. బ్యాటరీకి జానెడు, రెండు జానల లోపల ఫ్యూజు పెట్టాకే మళ్లీ కలుపు. పాటలు రేపు విందువు గానీ.