'ఎ ఘోస్ట్ స్టోరీ'లో ఆ చీటీలో ఏముంది? (స్పాయిలర్లు ఉన్నాయి)

రాత్రి షో:
డేవిడ్ లౌరీ తీసిన 'ఎ ఘోస్ట్ స్టోరీ' (2017) నిన్న చూశా. దెయ్యం సినిమా కదా అని లైట్లు ఆర్పేసి మరీ కూర్చున్నా. భయం ఎక్కడా లేదు. భర్త కారు యాక్సిడెంట్లో పోతాడు, తెల్ల దుప్పటి కప్పుకుని ఇంటికొచ్చి నిలబడతాడు. భార్య ఇల్లు ఖాళీ చేస్తూ ఓ చీటీ రాసి గోడ సందులో దూర్చి పైన రంగు వేసేస్తుంది. దానికోసం వాడు గీకుతూనే ఉంటాడు. తీరా చేతికొచ్చాక మనకు చూపించరు! పైగా ఆవిడ వంటింట్లో నేలమీద కూర్చుని 'పై' (కేకులాంటి తీపి వంటకం) తింటుంటే నిమిషాల తరబడి కెమెరా కదలదు. నాకే ఎక్కలేదా?

రేవుగట్టు:
చీటీలో ఏముందో డైరెక్టర్‌కే తెలీదు. రాసింది భార్యగా నటించిన రూనీ మారా, తాను చూడలేదని లౌరీయే చెప్పాడు.

నాకైతే ఆ దుప్పటి మనిషిని చూస్తే కాకి గుర్తొచ్చింది. మా మామ్మ పోయినప్పుడు రాజమండ్రి కోటిలింగాల రేవులో పిండం పెడితే కాకి ముట్టలేదు. ఎండ ముదురుతోంది. ఒక్కొక్కరూ ముందుకొచ్చి "చిన్నదాని పెళ్లి మేం చేస్తాంలే", "ఇల్లు అమ్మంలే" అంటున్నారు. ఊహూఁ. ఆఖరికి మా పెద్దత్త "నీ గాజులు వదినకే ఇచ్చేస్తాలేవే అమ్మా" అంది. (వదినంటే మా అమ్మ.) వెంటనే వాలింది! అప్పటికి దానికి ఆకలేసి ఉంటుందిలెండి.

పోయినవాళ్లకి ఏం కావాలో మనం అలా అడిగైనా అడుగుతాం. ఈ సినిమాలో అడిగే దిక్కే లేదు. పక్కింటి కిటికీలో ఇంకో దెయ్యం ఉంటుంది చూడండి, ఎవరికోసమో ఎదురుచూస్తున్నానంటుంది. ఎవరికోసమంటే గుర్తులేదట. ఇళ్లు కూల్చేశాక, ఇక రారేమో అంటుంది, అంతే, దుప్పటి కుప్పగా పడిపోతుంది. నేను ఏడ్చింది అక్కడే, చీటీ దగ్గర కాదు.

ఇక ఆవిడ 'పై' తినే సంగతి. మన దగ్గర చావింట్లో పొయ్యి వెలిగించరు, చుట్టాలు క్యారియర్ తెచ్చి, పక్కన కూర్చుని "రెండు ముద్దలు తినమ్మా" అని బతిమాలతారు. అక్కడ తెలిసినావిడ ఆ 'పై' తెచ్చి పెట్టేసి వెళ్లిపోయింది. తినమనేవాళ్లూ లేరు, చాలనేవాళ్లూ లేరు. అందుకే వాంతి చేసుకునేదాకా తింది.

కటింగ్ టేబుల్:
పార్టీలో ఒకాయన సంగీతకర్త బీథోవెన్ పేరు చెప్పి దంచే లెక్చర్ మాత్రం నేనైతే తీసేసేవాణ్ణి. అప్పటిదాకా మాటల్లేకుండా చూపించిందంతా అక్కడ విప్పి చెప్పేశాడు. ఇంకోటి, ఫ్రేమ్ 1.33:1 (పాత టీవీలా దాదాపు చదరం), మూలలు పాత ఫొటోల్లా గుండ్రంగా ఉంటాయి. ఫోన్లో జూమ్ చేసి చూడకండి.

రాత్రి షో:
'పై' తినే సీన్ వరకు ఒప్పుకుంటా. చీటీ మాత్రం చూపించాల్సిందే, డబ్బులు పెట్టి చూశాం. ఇంతకీ గాజులు మీ అమ్మగారికి ఇచ్చారా?

రేవుగట్టు:
ఎక్కడ! మొన్న సంక్రాంతికి కూడా అత్తే వేసుకొచ్చింది.