అప్‌డేట్: ఆ పాత జిప్సీ తీసేసుకున్నాను

బెంగళూరు మారతహళ్లిలో అమ్మకానికున్న 2008 మారుతి జిప్సీ గురించి అడిగాను కదా: ఫోర్ వీల్ డ్రైవ్ పనిచేయట్లేదు, కింద తుప్పు ఉంది, ధర మాత్రం బాగా తక్కువ, కొనొచ్చా అని. కొన్నాను.

"ఇంజిన్ తర్వాత, ముందు చాసిస్ (బండిని మోసే కింది ఫ్రేము) చూడు" అన్న అన్నకు నిజంగా దండం. కె.ఆర్.పురంలో షెడ్డు నడిపే మదనపల్లె మేస్త్రీని వెంట తీసుకెళ్లాను. ఆయన బండి స్టార్ట్ కూడా చేయకుండా కిందికి దూరి, స్ప్రింగు పట్టీల బ్రాకెట్ల దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిచి పొడిచి చూశాడు. ఫ్లోర్ షీటును తుప్పు తినేసింది, చాసిస్ మాత్రం గట్టిగానే ఉంది. షీటైతే కోసి వెల్డింగ్ చేయొచ్చు. చాసిస్ పోతే ఆ బండిని ముట్టుకోకండి.

ఫోర్ వీల్ సంగతికొస్తే, ముందు చక్రాలకు శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను ఎవరో విప్పి డిక్కీలో పడేశారు! దాని క్రాసులు (షాఫ్ట్ చివర్లలో ఉండే జాయింట్లు) జె.సి.రోడ్‌లో దొరికాయి, బిగించాం. పరీక్ష మట్టిలోనే చేశాం. జిప్సీకి సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు కాబట్టి ఎండిన తారురోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపు తిప్పితే గేర్లు, షాఫ్టులు బిగుసుకుంటాయి. కొత్తగా కొనేవాళ్లకు ఇది తప్పక చెప్పండి.

15 ఏళ్లు దాటిన బండి కాబట్టి, ఫిట్‌నెస్ పరీక్ష అయ్యి ఆర్‌సీ 5 ఏళ్లకు రెన్యూవల్ అయ్యాకే మిగతా డబ్బు ఇచ్చాను. అమ్మే ఆయన కాస్త నసిగాడు, అయినా నేను తగ్గలేదు.

బ్రేకుల పని ఇంకా ఉంది. అది అయ్యేదాకా ఘాట్ ఎక్కించను.