డోలు, సన్నాయి, ల్యాప్‌టాప్ బీట్: తాళం జారుతోంది, శ్రుతి కలవట్లేదు

కొబ్బరితోట_బాస్ (అమలాపురం)

కనుమ సాయంత్రం తీర్థంలో (జాతరలో) మా బ్యాండుకి గంట సెట్టు ఉందండి. ల్యాప్‌టాప్‌లో ఏబుల్టన్ లైవ్ (ట్రాకులు నడిపే సాఫ్ట్‌వేర్), నాలుగు అవుట్‌పుట్ల ఇంటర్‌ఫేస్ (ల్యాప్‌టాప్ శబ్దాన్ని బయటికి పంపే పెట్టె), బేస్ గిటారు, కీబోర్డు, సన్నాయి, డోలు. టెంపో 124 (నిమిషానికి 124 దెబ్బలు). చిక్కులు రెండు. మధ్యలో కిక్ (ల్యాప్‌టాప్ బీట్‌లోని బరువైన దెబ్బ) ఆపేసి ఎనిమిది ఆవర్తాలు (తాళం ఎనిమిది చుట్లు) డోలు ఒక్కటే వదులుతాం. కిక్ మళ్లీ పడేసరికి ఎవరి దారి వారిదే. డోలాయనకి బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో క్లిక్ (దెబ్బల లెక్క చెప్పే శబ్దం) ఇస్తున్నా ఇదే తంతు. రెండోది, సన్నాయి అందుకోగానే కీబోర్డు అపశ్రుతిగా వినిపిస్తోంది. మైకులు, కరెంటు సంగతి తెలిసినవాళ్లు అవీ చెప్పండి.

లంకగాలి

ముందు ఆ బ్లూటూత్ తీసి పక్కన పెట్టండి. 124లో ఒక దెబ్బకి 484 మిల్లీసెకన్లు, అందులో పావు వంతు 121. మామూలు బ్లూటూత్ ఆలస్యం 150, 200 దాకా పోతుంది. అంటే ఆయన వింటున్న క్లిక్కే పావు దెబ్బ వెనక ఉంది. ఆయన తప్పేం లేదు.

వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టి, దాని మీద చెవులు మూసే మఫ్ వెయ్యండి. లేకపోతే డోలు మోతకి క్లిక్ వినపడక వాల్యూం పెంచుకుంటూ పోతారు, చెవులు పాడవుతాయి. క్లిక్‌ని మూడో అవుట్‌పుట్‌లోంచి చిన్న హెడ్‌ఫోన్ యాంప్‌కి పంపండి. మిక్సర్‌కి ఒకటి, రెండు మాత్రమే వెళ్లాలి. టక్‌టక్ శబ్దం వద్దు, డోలు కుడివైపు నాదంలో కలిసిపోతుంది. షేకర్ లూప్ పెట్టి సమం (ఆవర్తం మొదటి దెబ్బ) మీద మాత్రం గంట మోగించండి.

బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కోసారి పట్టుకునే శబ్దం ముక్క) 128 శాంపిళ్లు, 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంచితే ఆలస్యం ఒక్కో వైపు 2.7 మిల్లీసెకన్లే. స్టేజి మానిటర్ ఐదు మీటర్ల దూరంలో ఉంటే గాల్లోనే 15 పోతాయి. దాన్ని విని వాయించమనడం కూడా తప్పే.

ఇక ఆ ఎనిమిది ఆవర్తాలు. ఆదితాళం అయితే 64 దెబ్బలు, 31 సెకన్లు. సోలోలో ఊపు వచ్చి 126కి వెళ్తే చివరికి సరిగ్గా ఒక దెబ్బ ముందుంటారు. మీకు జరుగుతున్నది ఇదే. అక్కడ క్లిక్‌తో ఆయన చేతులు కట్టేస్తే సోలో చచ్చిపోతుంది. ఆయన్ని వదిలెయ్యండి, ల్యాప్‌టాప్‌నే ఆయన వెనక నడపండి. ఆఖరి ఆవర్తంలో ట్యాప్ టెంపో (నొక్కిన వేగాన్ని పట్టుకునే బటన్) నాలుగుసార్లు నొక్కండి. కిక్ ఉన్న క్లిప్‌కి లాంచ్ క్వాంటైజేషన్ 'నన్' పెట్టి (అంటే నొక్కిన క్షణమే మొదలయ్యేలా), తీర్మానం (మూడుసార్లు వాయించే ముగింపు జతి) మూడోసారి ముగిసి సమం పడగానే ప్యాడ్ కొట్టండి. ఆ తీర్మానం ప్యాడ్ కొట్టేవాడికి నోటికి రావాలి, వేళ్లకి కాదు.

తబలాని ఎలక్ట్రానిక్స్‌తో కలిపిన తల్విన్ సింగ్‌కి 1999లో బ్రిటన్ మెర్క్యురీ సంగీత బహుమతి వచ్చింది. వాయించేదీ ప్రోగ్రామ్ చేసేదీ ఆయనే. మీ దగ్గర ఆ పని ఇద్దరిది కాబట్టి ఇద్దరూ కలిసి కొన్నాళ్లు కూచోవాల్సిందే.

పిట్టగోడ_808

ఇంత కష్టం దేనికండి? ఏబుల్టన్ లైవ్ 11 నుంచి టెంపో ఫాలోవర్ (వాయిద్యం విని వేగం కలుపుకునే సదుపాయం) ఉందిగా. డోలు మైకు దానికిచ్చేస్తే అదే పట్టుకుంటుంది.

లంకగాలి

నిలకడగా పడే డ్రమ్‌సెట్టుకైతే సరే. డోలులో తిశ్రం (మూడేసి దెబ్బల నడక) పడగానే అది 124ని 186 అనుకోవచ్చు. తీర్థంలో ఆ ప్రయోగం వద్దు.

రెండున్నర_శ్రుతి

కీబోర్డుకి శ్రుతి మార్చుకునే సౌకర్యం ఉంది, సన్నాయికి దాదాపు లేదు. పీక (ఊదే చోటి రీడు) లోపలికి నొక్కితే కొంచెం పైకి, బయటికి లాగితే కొంచెం కిందికి, అంతే. కాబట్టి సెట్టంతా సన్నాయి శ్రుతిలోకే తేవాలి. రెండు శ్రుతి అయితే డి, రెండున్నర అయితే డి షార్ప్. ఇతర స్వరస్థానాల్లో చేసిన ట్రాకుల్ని ముందే మార్చి ఆడియోగా రాసుకోండి. రెండు, మూడు సెమీటోన్లు (పక్కపక్క స్వరస్థానాల దూరం) దాటి జరిపితే లూపులు నీళ్లు కలిపినట్టుంటాయి.

వాద్యం వేడెక్కేకొద్దీ శ్రుతి పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 3 సెంట్లు (సెంటు అంటే సెమీటోన్‌లో నూరో వంతు). ఊదడం మొదలెట్టిన పది నిమిషాలకి ట్యూనర్‌తో కొలవండి, ముందు కాదు. ట్యూనర్‌లో 'ఏ' స్వరం లెక్క 446 హెర్ట్జ్ వస్తే మామూలు 440 కన్నా 23 సెంట్లు ఎక్కువ. కీబోర్డు మాస్టర్ ట్యూనింగ్ 446 చేసి, ఆడియో క్లిప్పుల్లో డిట్యూన్ 23 పెట్టండి. క్లిప్పులు మర్చిపోయి కీబోర్డు ఒక్కటే మారుస్తారు చాలామంది.

ఇంకోటి. సన్నాయి గమకం (స్వరాన్ని ఊపడం) పలికేటప్పుడు కీబోర్డు గాంధారం పట్టుకుని కూచోకూడదు. షడ్జం, పంచమం చాలు.

కొబ్బరితోట_బాస్

ధన్యవాదాలండి. మిశ్రచాపు (ఏడు దెబ్బల తాళం) పాట ఒకటుంది, కిక్ మాత్రం నాలుగుతో నడుస్తుంది. కుదురుతుందా?

రెండున్నర_శ్రుతి

ఏడూ నాలుగూ 28వ దెబ్బ తర్వాత కలుస్తాయి. లూపు పొడవు 28 పెట్టండి, మలుపులన్నీ అక్కడే.

సౌండ్‌పెట్టె

మైకులు: డోలుకి రెండు డైనమిక్ మైకులు, చర్మానికి జానెడు దూరంలో. ఒకదానికి పోలారిటీ (సిగ్నల్ ప్లస్, మైనస్) తిప్పి చూడండి, అడుగు నాదం ఎందులో నిండుగా ఉంటే అది ఉంచండి. కర్రతో కొట్టే వైపు 100 హెర్ట్జ్ కింద కోసెయ్యండి, 50-60 కిక్‌కి వదలండి. సన్నాయి మైకు గంటమూతిలో దూర్చకండి. ముప్పావు మీటరు దూరంలో, కాస్త పక్కకి పెట్టండి, స్వరరంధ్రాల నాదం కూడా అందాలి. చెవుల్లో గుచ్చితే 3 కిలోహెర్ట్జ్ దగ్గర 3-4 డెసిబెల్స్ తగ్గించండి. సబ్‌లు (అడుగు నాదం పలికే పెద్ద స్పీకర్లు) రెండుంటే ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి పెట్టకుండా పక్కపక్కన చేర్చండి. విడివిడిగా పెడితే జనంలో కొన్ని వరసలకి బేస్ అసలు వినపడదు.

కరెంటు విషయం సరదా కాదు. మూడు ఫేజుల జనరేటర్‌లో న్యూట్రల్ ఊడితే మీ సామాను మీదకి 400 వోల్టుల దాకా రావచ్చు. ఏదీ గుచ్చకముందే మల్టీమీటర్ పెట్టండి: ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 220-240, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. సీరియల్ లైట్లు వేరే ఫేజు మీద వెయ్యమనండి. ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్ చిన్న యూపీఎస్ మీద ఉండాలి. ఛార్జర్ తీయగానే జుయ్‌మనే మోత ఆగితే అది ఎర్త్ లూపు (రెండు దారుల్లో ఎర్తు కలవడం), ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ పెట్టెతో (సిగ్నల్‌ని మిక్సర్‌కి పంపే చిన్న పెట్టె) పోతుంది. ఎర్త్ పిన్ను విరిచేసే తెలివి మాత్రం వద్దు.

సంక్రాంతి రోజుల్లో పొద్దుగూకగానే మంచు దిగుతుంది. చర్మం వదులై డోలు శ్రుతి కిందికొస్తుంది కాబట్టి బోల్టులున్న డోలు అయితే సెట్టుకి పావుగంట ముందు మళ్లీ బిగించాలి. ఏసీ కారులోంచి దించిన ల్యాప్‌టాప్‌ని అరగంట సంచిలోనే ఉంచి తియ్యండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. రాత్రి 10 తర్వాత మైకు సెట్టు మామూలుగా చట్టప్రకారం కుదరదు. సౌండ్ చెక్ ఆలస్యమైతే కోత పడేది మీ గంటకే.