పైథాన్‌లో రాసిన తెలుగు పేర్లు ఎక్సెల్‌లో పాడైపోతున్నాయి

పలాస చిట్టా:
అందరికీ నమస్కారం. పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. బీకాం చదివాను, ప్రోగ్రామింగ్ కొత్త. రెండు నెలలుగా రాత్రిపూట కూర్చుని పైథాన్ నేర్చుకుంటున్నాను. ఉద్దానం ఊళ్ల నుంచి పిక్కలు వస్తాయి కదా, ఎవరివి ఎన్ని బస్తాలు, తూకమెంత అన్నది ఇన్నాళ్లూ ఇంగ్లీషులోనే ఎక్కించాం. పోయినేడు ఒక రైతు పేరు మూడు స్పెల్లింగుల్లో పడి, ఆయన బస్తాలు మూడు ఖాతాల్లోకి పోయాయి. పాపం, డబ్బుల కోసం నాలుగుసార్లు తిరిగారు. ఎక్కించింది నేనే. అందుకే ఈసారి పేర్లు తెలుగులో ఉండాలి. చీటీ చేతికిస్తే ఎవరిది వాళ్లే చదువుకోవాలి.

ఫైల్లో రాయబోతే మొదట ‘చార్‌మ్యాప్’ అని ఏదో ఎర్రర్ వచ్చింది. ఫైలు తెరిచే చోట అక్షరాల్ని కంప్యూటర్ దాచే పద్ధతి, అంటే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని పెడితే పోయింది. కానీ గడుల మధ్య కామాలుండే ఆ సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిస్తే పేర్లు లేవు. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ మళ్లీ అవే. నోట్‌ప్యాడ్‌లో మాత్రం తెలుగు చక్కగా ఉంది. డేటా పోయినట్టేనా?

విజయనగరం మాస్టారు:
పోలేదమ్మా. నోట్‌ప్యాడ్‌లో కనిపించిందంటే ఫైలు బాగున్నట్టే, ఎక్సెల్ తప్పుగా చదువుతోంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు పడతాయి. మొదటి బైటు అన్నిటికీ ఒకటే. ఎక్సెల్ వాటిని మూడు వేరువేరు అక్షరాలనుకుని, విండోస్ పాత 1252 పట్టిక ప్రకారం చూపిస్తోంది. ఆ పట్టికలో మొదటి బైటు గీత ఉన్న ‘ఎ’, రెండోది డిగ్రీ గుర్తు గానీ ప్లస్-మైనస్ గుర్తు గానీ. నువ్వు చూసినవి అవే.

యూటీఎఫ్-8 అన్నచోట యూటీఎఫ్-8-సిగ్ అని రాయి. ఫైలు మొదట్లో కనపడని చిన్న గుర్తు పడుతుంది, దాన్ని చూసి ఎక్సెల్ యూటీఎఫ్-8 అని గుర్తుపడుతుంది.

పలాస చిట్టా:
వచ్చాయండి! పేర్లన్నీ తెలుగులో! మా ఓనరుగారికి కూడా చూపించాను.
కానీ సాయంత్రం మొత్తాలు కట్టే ప్రోగ్రాము అదే ఫైలు చదివి, ‘పేరు’ కాలమే లేదని కీ ఎర్రర్ ఇస్తోంది. ‘ఊరు’, ‘బరువు’ దొరుకుతున్నాయి. పైగా 80, 79 కలిపితే 8079 అంటోంది.

సిక్కోలు తమ్ముడు:
అక్కా, రాసేటప్పుడు సిగ్ పెట్టావు, చదివేటప్పుడు ఉత్త యూటీఎఫ్-8 పెట్టి ఉంటావు. ఆ కనపడని గుర్తు మొదటి కాలమ్ పేరుకి అంటుకుపోయింది. అందుకే ‘పేరు’ ఒక్కటే దొరకలేదు. చదివేచోట కూడా సిగ్ పెట్టు. నాకూ ఇదే వచ్చింది, ఒక రాత్రంతా పోయింది.

80, 79 సంగతి చెప్తాను. సీఎస్‌వీ నుంచి అంకెలు కూడా స్ట్రింగులుగానే, అంటే ఉత్త అక్షరాలుగానే వస్తాయి, కలిపితే పక్కపక్కన అతుక్కుంటాయి. బరువుని దశాంశాల సంఖ్యగా మార్చే ఫ్లోట్‌తో మార్చుకో. రూపాయలకి మాత్రం ఫ్లోట్ వద్దక్కా, డెసిమల్ మాడ్యూల్ వాడు. ఫ్లోట్‌లో 0.1, 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు.

విజయనగరం మాస్టారు:
తమ్ముడు చెప్పింది నిజం. ఇంకొక్క మాటమ్మా. తెలుగులో రాసినా ఒక పేరు రెండు ఖాతాలయ్యే ప్రమాదం ఉంది. ‘ప్రసాద్’ అని కొడితే పైథాన్ లెక్కలో పొడవు 7. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తు పెడతాయి, అప్పుడు 8. కంటికి రెండూ ఒకటే, పైథాన్‌కి ఇద్దరు మనుషులు. అటూ ఇటూ ఖాళీలు తీసేసే స్ట్రిప్‌తో కూడా అది పోదు, రీప్లేస్ చెయ్యాలి. అసలు పేరు మీద ఖాతా నడపకు. రైతుకో నంబరు ఇచ్చి, బస్తాలు దాని కిందే జమ చెయ్యి.

పలాస చిట్టా:
ఇది తెలియకపోతే మళ్లీ అదే తప్పు చేసేదాన్ని మాస్టారూ. రేపు తూకం దగ్గరే నంబర్లు వేస్తాను. చీటీ మీద మాత్రం పైన పేరు పెద్దగా, నంబరు కింద చిన్నగా ఉంచుతాను.