నోయిస్ టీచింగ్ ఫెలోషిప్ షరతులు తెలిసినవారు చెప్పగలరా?

గుంటూరు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదేళ్లు గణితం బోధించిన నేను ఇప్పుడు గ్రీన్ కార్డుపై టెక్సాస్‌లో ఉంటున్నాను. గణిత, విజ్ఞాన శాస్త్ర ఉపాధ్యాయుల కోసం అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ విశ్వవిద్యాలయాలకు ఇచ్చే రాబర్ట్ నోయిస్ గ్రాంటు కింద టీచింగ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. మాస్టర్స్ చదివేటప్పుడు భృతి ఇచ్చి, ఆపై అవసరాలు ఎక్కువగా ఉన్నట్లు గుర్తించిన (హై-నీడ్) పాఠశాల జిల్లాలో నాలుగేళ్లు పనిచేస్తే జీతానికి అదనంగా ఏటా కనీసం 10,000 డాలర్లు ఇస్తారు. మధ్యలో మానేస్తే మాత్రం తీసుకున్న సొమ్ము అప్పుగా మారుతుంది; నా భయమంతా ఆ షరతు గురించే. మావారి ఉద్యోగం వేరే రాష్ట్రానికి మారితే, మిగిలిన సర్వీసును అక్కడి అటువంటి పాఠశాలలోనే పూర్తిచేయడానికి విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుందా?

మరొక సందేహం. నా ఎమ్మెస్సీ మార్కుల జాబితాలో పేపరు పేరు, వందకు వచ్చిన మార్కులు తప్ప క్రెడిట్ల (ఒక్కో కోర్సు పరిమాణాన్ని లెక్కించే యూనిట్ల) ప్రస్తావనే లేదు. (అప్పట్లో ఆ మాటే మేము వినలేదు.) ఇలాంటి పత్రాలతో ప్రవేశం పొందినవారు తమ డిగ్రీ అమెరికాలో దేనికి సమానమో తేల్చే మూల్యాంకనం ఎలా చేయించుకున్నారో, ఒప్పందంపై సంతకం చేసేముందు ఏ అంశాలను రాతపూర్వకంగా అడగాలో దయచేసి తెలియజేయగలరు.